పేటెంటు దరఖాస్తు: గోప్యమా, బహిరంగమా?

పేటెంటు అను మాట మన యిండ్లలో ఎక్కువగా మందుల విషయమున వినబడుచుండును. ఒక మందు ధర అందుబాటులో లేనప్పుడు, దానికి పేటెంటు ఉన్నది గనుక వేరొకరు తయారుచేయరాదని తెలిసినవారు చెప్పుదురు. అందుచేత పేటెంటనగా ఏదో రహస్యమనియు, ఇనుపపెట్టెలో దాచిన సూత్రమనియు సామాన్యులలో ఒక అభిప్రాయము నాటుకొన్నది. నిజము దీనికి సరిగా వ్యతిరేకము. లాటిను భాషలో ఆ మాటకు మూలార్థము తెరచియున్నదని. పూర్వము ఇంగ్లండు రాజులు కొన్ని హక్కులను ప్రసాదించునప్పుడు, ముద్రను అడుగున వ్రేలాడదీసి, ఎల్లరును చదువుకొనుటకు వీలుగా పత్రమును తెరచియే ఇచ్చెడివారు. ఆ తెరచిన పత్రముల పేరే నేటి పేటెంటునకు వచ్చినది.

పేటెంటు ఇచ్చిన పిమ్మట అది బహిరంగ పత్రమనుటలో ఎవరికిని సందేహము లేదు. ఇవ్వక ముందు సంగతి ఏమి? దరఖాస్తు కార్యాలయమునకు చేరి, ఇంకను పరీక్షలో ఉన్న కాలమున, అందులో ఏమి వ్రాసియున్నదో లోకము తెలిసికొనవచ్చునా, కూడదా? ఇది గుమాస్తాల పద్ధతులకు సంబంధించిన చిన్న ప్రశ్నగా పైకి కనబడును. కాని ఒకప్పుడు ఈ దేశములో రక్తపు క్యాన్సరు రోగుల మందు ధరకును ఈ ప్రశ్నకును దగ్గరి సంబంధము ఏర్పడినది. ఆ వ్యవహారములో అభ్యంతరము చెప్పినవారిలో శంషాబాదు దాటిన తరువాత బెంగుళూరు రహదారిపై వచ్చు కొత్తూరులో కర్మాగారము గల సంస్థ ఒకటి. కనుక హైదరాబాదు విమానాశ్రయమునకు ఈ ప్రక్క తుక్కుగూడలోను, ఆ ప్రక్క శంషాబాదు, కొత్తూరులలోను నివసించువారికి ఇది దూరదేశపు కథ కాదు. ముందు గోప్యత యొక్క చరిత్రను కొంత చెప్పి, పిమ్మట ఆ వ్యవహారమునకు వత్తుము.

చేతిపని యొక్క మర్మమును దాచుకొనుట మానవునకు సహజము. మన నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రములో ఒకప్పుడు ప్రసిద్ధమైన ఉక్కు తయారగుచుండెను. డమాస్కసు కత్తులని లోకమున పేరుపొందిన ఆయుధములకు దక్షిణ దేశపు ఉక్కే ముడిసరకు. 1820ల ప్రాంతమున ఆ ఊరికి వెళ్లిన వాయిసీ అను ఆంగ్లేయ భూగర్భశాస్త్రజ్ఞుడు అచటి మూసలను, కొలుములను, పని జరుగు తీరును చూచి వ్రాసిపెట్టినాడు. అప్పుడు ఇస్ఫహాను నుండి వచ్చిన పారశీక వర్తకుడొకడు అచటనే కూర్చుండి ఉక్కు కొనుచుండెనట. తమ దేశములో దీనిని చేయ ప్రయత్నించిరనియు, సాధ్యము కాలేదనియు అతడే చెప్పినాడట. అనగా సరకు కొనిపోగలిగిరి గాని విద్యను కొనిపోలేకపోయిరి. విద్య కమ్మరి కుటుంబముల చేతులలోను, కన్నులలోను ఉండెను. ఏ రంగు వచ్చినప్పుడు మంట తగ్గించవలెనో, మూసలో ఏ ఆకు వేయవలెనో తండ్రి కొడుకునకు చూపెడివాడు.

ఆ ఉక్కు అంతరించుటకు విదేశపు చౌక ఉక్కు మొదలైన కారణములు పెక్కు కలవు. అయితే కొలుములు చల్లారిన పిమ్మట, ఆ పనిని మరల ఆరంభింతమన్న వానికి పనివారు స్వయముగా వ్రాసిన పత్రమేదియు చేతికి దొరకలేదు. దారిన పోయిన విదేశీయుల దినచర్యలను, మట్టిలో దొరికిన మూసల ముక్కలను పట్టుకొని శాస్త్రజ్ఞులు ఇప్పటికిని దాని మర్మమును వెదకుచున్నారు. గోప్యత పనివానిని కొంతకాలము కాపాడును గాని విద్యను కాపాడునని చెప్పుటకు వీలులేదు.

ఈ చిక్కునకు విరుగుడుగా ఏర్పడినదే పేటెంటు. 1474లో వెనీసు నగర రాజ్యమును, 1624లో ఇంగ్లండు పార్లమెంటును చేసిన శాసనములు దీనికి పునాదులు. కాలక్రమమున దీని స్వరూపము ఒక ఒప్పందముగా తేరినది. నీవు కనిపెట్టినదానిని పూర్తిగా, ఆ పని తెలిసినవాడెవడైనను చదివి చేయగలుగునట్లు వ్రాసి ఇమ్ము. అందుకు ప్రతిఫలముగా కొన్ని సంవత్సరములు నీ అనుమతి లేక మరియొకడు దానిని చేయకుండ ప్రభుత్వము కాపాడును. గడువు తీరిన పిమ్మట అది అందరి సొత్తు. ఈ ఒప్పందములో లోకమునకు ముట్టు వెల ఆ వ్రాతయే. కావున వ్రాతను ఎప్పుడు విప్పవలెనన్నది ఒప్పందములోని ముఖ్యమైన షరతు.

మన దేశములో మొదటి పేటెంటు శాసనము 1856లో వచ్చినది. ఆ సంవత్సరము మార్చి నెలలో కలకత్తాలోని జార్జి ఆల్ఫ్రెడు డిపెన్నింగు అను ఇంజనీరు, పంకా లాగు యంత్రమొకటి కల్పించితిననియు, దానిపై ప్రత్యేక హక్కు దయచేయుడనియు ప్రభుత్వమునకు విన్నవించుకొనెను. సెప్టెంబరు 2వ తేదీన పటములతో కూడ వివరణ సమర్పించెను. ఈ దేశములో ఇట్టి హక్కు పొందిన మొదటి కల్పన అదియే. బ్రిటిషు రాణి ముందస్తు సమ్మతి లేదను కారణమున ఆ శాసనము మరుసటి యేడే రద్దయి, 1859లో మరల వచ్చినది. 1888లో దానిని సవరించిరి. 1911లో భారత పేటెంట్లు, డిజైనుల శాసనము వచ్చి, పేటెంట్ల కంట్రోలరు అను అధికారి ఏర్పడెను.

ఈ శాసనపు పద్ధతి ఎట్లున్నదో చూతము. దరఖాస్తు వచ్చును, కార్యాలయమువారు పరీక్షింతురు, అంగీకరించిన పిమ్మటనే గెజెటులో ప్రకటింతురు. ఆ ప్రకటన వెలువడిన తరువాతనే వివరణ పత్రమును ఎవరైనను చూడవచ్చును, నిర్ణీతమైన గడువులోపల అభ్యంతరము తెలుపవచ్చును. అంగీకరించు వరకు మాత్రము అది గోప్యము. ఇందులో న్యాయము లేకపోలేదు. దరఖాస్తు తిరస్కరింపబడినచో, లేక దరఖాస్తుదారు తానే విరమించుకొన్నచో, అతని మర్మము అతని వద్దనే ఉండిపోవును. ప్రతిఫలము ముట్టకముందే సరకు అప్పగించు దుస్థితి అతనికి కలుగదు.

అయితే ఇందులో ఒక లోపము దాగియున్నది. పరీక్ష ఎంతకాలము సాగునో ఎవరికిని తెలియదు. రెండేండ్లు పట్టవచ్చును, అయిదేండ్లు పట్టవచ్చును. ఆ కాలమంతయు అదే సమస్యపై మరియొక ఊరిలో మరియొకడు ధనమును శ్రమను వెచ్చించుచుండును. కర్మాగారము కట్టి యంత్రములు బిగించిన పిమ్మట, ఒకనాడు గెజెటు తెరచి చూడగా, ఆ పని ఇతరుని హక్కు అయియుండును. చీకటిలో పరుగుపందెము పెట్టినట్లు ఇది జరుగుచుండెను.

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత ఈ శాసనమును పునర్విమర్శ చేయుటకు ప్రభుత్వము పూనుకొన్నది. న్యాయమూర్తి రాజగోపాల అయ్యంగారు 1959లో సమర్పించిన నివేదిక ఆధారముగా 1970లో కొత్త శాసనము పుట్టి, 1972 ఏప్రిలు 20వ తేదీ నుండి అమలులోనికి వచ్చినది. దీని ప్రకారము మందులకు, ఆహార పదార్థములకు వస్తువుపై పేటెంటు లేదు. తయారుచేయు విధానముపై మాత్రమే, అదియు స్వల్పకాలము ఉండెను. ఒక మందును వేరొక మార్గమున తయారుచేయగలవాడు నిరభ్యంతరముగా చేయవచ్చును. హైదరాబాదులో మందుల పరిశ్రమ వర్ధిల్లుటకు ఇది ఒక ముఖ్యకారణము. బాలానగరులోని ప్రభుత్వ సంస్థ ఐ.డి.పి.ఎల్. రసాయనజ్ఞులకు ఒక పాఠశాల వంటిదాయెను. 1981లో నాట్కో, 1984లో డాక్టర్ రెడ్డీసు, 1993లో హెటిరో స్థాపితములైనవి. కాని దరఖాస్తుల గోప్యత విషయములో 1970 శాసనము పాతదారినే నడచినది. అంగీకరించి ప్రకటించు వరకు పత్రము బయటికి రాదు.

ఇంతలో లోకము మరియొక త్రోవ త్రొక్కినది. దరఖాస్తులు గుట్టలుగా పేరుకొని పరీక్షకు ఏండ్లు పట్టుచుండుటచే, 1964లో నెదర్లాండ్సు దేశము ఒక మార్పు చేసెను. పరీక్ష ముగిసినను ముగియకున్నను, పదునెనిమిది మాసములు గడచిన దరఖాస్తును ప్రకటించివేయుట ఆ మార్పు. 1968లో పశ్చిమ జర్మనీ, 1971లో జపాను, 1978లో బ్రిటను, ఆ యేడే పని ఆరంభించిన ఐరోపా పేటెంటు కార్యాలయము అదే పద్ధతిని అవలంబించినవి. పదునెనిమిదే ఏల యని శ్రోతలు అడుగవచ్చును. 1883 నాటి పారిసు ఒడంబడిక ప్రకారము ఒక దేశములో దరఖాస్తు పెట్టినవానికి, ఇతర దేశములలో పెట్టుకొనుటకు పన్నెండు మాసముల గడువు కలదు. ఆ గడువు ముగిసిన పిమ్మట ప్రకటనకు వలసిన సన్నాహములకు మరి ఆరు మాసములు. ఈ రెండును కలిసి పదునెనిమిది.

ఈ మార్పును చాలకాలము అంగీకరింపనిది అమెరికా. అచట పేటెంటు మంజూరగు వరకు దరఖాస్తు గోప్యముగానే ఉండెడిది. దీని ఫలితము మన పసుపు విషయమున తెలిసినది. గాయమునకు పసుపు అద్దుట మన పల్లెలలో చిన్నపిల్లలకును తెలిసిన వైద్యము. దానినే కొత్త కల్పనగా చూపి చేసిన దరఖాస్తుపై 1995 మార్చిలో అమెరికాలో పేటెంటు మంజూరైనది. నిజామాబాదులోగాని దుగ్గిరాలలోగాని పసుపు అమ్ముకొను రైతునకు, ఢిల్లీలోని శాస్త్రజ్ఞునకు, ఆ దరఖాస్తు పరీక్షలో ఉన్నదన్న సంగతియే తెలియదు. తెలియుటకు మార్గమును లేదు. మంజూరైన తరువాత మన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి, మాషేల్కరుగారి ఆధ్వర్యమున, పాత గ్రంథములను పత్రికలను సాక్ష్యముగా చూపి పోరాడి, 1997లో దానిని రద్దుచేయించినది. ముందే చూచియుండినచో ఒక ఉత్తరముతో ముగియదగిన పనికి అంత వ్యయప్రయాసలు కలిగెను. చివరకు అమెరికాయును 1999లో శాసనము మార్చి, 2000 నవంబరు 29 నుండి దాఖలైన దరఖాస్తులను పదునెనిమిది మాసములకు ప్రకటించుచున్నది. ఇతర దేశములలో దరఖాస్తు పెట్టనని చెప్పినవారికి మాత్రము గోప్యత కోరుకొను వెసులుబాటు అచట నేటికిని కలదు.

ఇక మన దేశములోని వింత పెట్టె కథ. 1995 జనవరి 1వ తేదీన ప్రపంచ వాణిజ్య సంస్థ ఏర్పడినది. అందలి ఒడంబడిక ప్రకారము మందులపై వస్తు పేటెంట్లు ఇచ్చుటకు మనకు 2005 వరకు వ్యవధి లభించెను. కాని ఆ పదేండ్లలో వచ్చు దరఖాస్తులను త్రోసిపుచ్చరాదు. తేదీ వేసి, పుచ్చుకొని, భద్రపరుపవలెను. ఈ ఏర్పాటునకు తపాలా పెట్టె అని పేరు వచ్చినది. ఉత్తరములు పెట్టెలో పడుచుండును. 2005 వచ్చు వరకు ఎవరును తెరువరు, ఎవరును పరీక్షింపరు.

ఈ పెట్టెను మన ప్రభుత్వము మొదట 1994 డిసెంబరు 31న ఆర్డినెన్సు ద్వారా ఏర్పరచెను. పార్లమెంటులో బిల్లు నెగ్గలేదు, ఆర్డినెన్సు గడువు తీరిపోయెను. అటుపిమ్మట శాసనమేమియు లేక, కార్యాలయములకు ఇచ్చిన ఆంతరంగిక ఉత్తరువులతోనే దరఖాస్తులు పుచ్చుకొనుచు వచ్చిరి. దీనిపై అమెరికా ప్రపంచ వాణిజ్య సంస్థ ఎదుట ఫిర్యాదు చేసెను. ఆంతరంగిక ఉత్తరువులు చాలవనియు, శాసనమే కావలెననియు 1997 డిసెంబరులో తీర్పు వచ్చినది. 1999లో పార్లమెంటు సవరణ శాసనము చేసి, దానిని 1995 నుండి వర్తింపజేసినది. పెట్టె తెరచునప్పటికి అందులో దాదాపు తొమ్మిదివేల దరఖాస్తులు చేరియుండెను.

ఆ వేలలో ఒకటి 1602/ఎం.ఎ.ఎస్./1998 అను సంఖ్య గలది. 1998 జూలై 17వ తేదీన స్విట్జర్లండుకు చెందిన నోవార్టిసు కంపెనీ దానిని మద్రాసు కార్యాలయములో దాఖలు చేసెను. ఇమాటినిబ్ మెసిలేటు అను మందు యొక్క బీటా స్ఫటికరూపముపై హక్కు కోరుట అందలి విషయము. ఈ మందు ఒక జాతి రక్తపు క్యాన్సరునకు దివ్యౌషధము వంటిది. పూర్వము కొద్దియేండ్లలో ప్రాణము తీయు ఆ వ్యాధిని, ప్రతిదినము మాత్ర వేసికొని అదుపులో నుంచుకొను వ్యాధిగా మార్చినది. అయితే ఆ మాత్ర జీవితాంతము వేసికొనవలసినదే. ఆ కంపెనీ మందునకు నెలకు సుమారు 1,20,000 రూపాయలు ధర. తమ సహాయ పథకము క్రింద అనేకులకు ఉచితముగా ఇచ్చుచున్నామని కంపెనీ చెప్పినది. మన దేశపు కంపెనీలు అదే మందును నెలకు ఎనిమిదివేల నుండి పదివేల రూపాయల మధ్య అమ్మగలిగెను. వీటిలో హైదరాబాదు నాట్కో సంస్థ 2003లో వీనాట్ అను పేర తెచ్చిన మందు ఒకటి.

2003 నవంబరులో నోవార్టిసు కంపెనీకి ఈ మందుపై ప్రత్యేక విక్రయ హక్కు లభించెను. పేటెంటు దరఖాస్తు పెట్టెలోనే ఉన్నది, పరీక్ష జరుగలేదు, అయినను అమ్ముకొను హక్కు మాత్రము ముందే వచ్చినది. దాని బలముతో కంపెనీ న్యాయస్థానములకు పోయి కొందరు స్వదేశీ తయారీదారులపై నిషేధపుటుత్తరువులు పొందెను. దరఖాస్తులోని విషయము ఎదుటివారు విమర్శింప వీలులేని దశలోనే దాని ఫలము అనుభవములోనికి వచ్చుట ఎంత చిక్కైన స్థితియో శ్రోతలు గ్రహింపగలరు.

2005 జనవరి 1వ తేదీన పెట్టె తెరచిరి. ఆ యేడే సవరించిన శాసనములో ఒక ముఖ్యమైన మాట చేరినది. ప్రకటింపబడిన దరఖాస్తుపై, పేటెంటు మంజూరు కాకముందే, ఏ వ్యక్తియైనను అభ్యంతరము తెలుపవచ్చును. వ్యాపారములో సంబంధము ఉన్నవాడే కానక్కరలేదు. ఈ అవకాశముతో 1602 సంఖ్య గల దరఖాస్తుపై అయిదు అభ్యంతరములు వచ్చినవి. క్యాన్సరు రోగుల సహాయ సంఘము, నాట్కో, సిప్లా, రాన్‌బాక్సీ, హెటిరో ఆ అయిదుగురు. అందులో రెండు సంస్థలు హైదరాబాదువి. ఒకటి రోగుల పక్షమున నిలచిన సంఘము. పాత శాసనము ప్రకారము అంగీకరించిన పిమ్మటనే, సంబంధము గలవారే ముందునకు రావలసియుండెను.

వీరి వాదమునకు ఆయుధములు ఎచ్చటి నుండి వచ్చినవి? ఇదియే మేము శ్రోతలకు ముఖ్యముగా విన్నవింపదలచిన సంగతి. అవి గూఢచారులు తెచ్చిన రహస్యములు కావు, ప్రకటింపబడిన పత్రములే. ఇమాటినిబ్‌పై అంతకుముందే 1996లో అమెరికాలో జిమ్మర్‌మను పేర ఒక పేటెంటు మంజూరై, ఎల్లరును చదువుటకు లభించుచుండెను. ఆ యేడే వైద్య పత్రికలలో ఈ పదార్థపు గుణములపై వ్యాసములు వచ్చియుండెను. ఈ పత్రములను చూపి, అడుగుచున్నది క్రొత్త కల్పన కాదనియు, తెలిసిన మందునకు మరియొక రూపమే యనియు వారు వాదించిరి. తెలిసిన పదార్థపు కొత్తరూపము గుణములో చెప్పుకోదగిన మేలు చూపనిచో పేటెంటు ఇవ్వరాదని 2005 సవరణలోని 3(డి) నిబంధన చెప్పుచున్నది. 2006 జనవరి 25వ తేదీన చెన్నై కార్యాలయము దరఖాస్తును తిరస్కరించినది. 2009లో అప్పీలు బోర్డును, 2013 ఏప్రిలు 1వ తేదీన సుప్రీము కోర్టును అదే నిర్ణయమునకు వచ్చెను. 2004లో బ్రిటనులో వీనాట్ మందు విషయమున నాట్కోకు నోవార్టిసు తరపున ఒక నోటీసు వెళ్లినది. ఈ మందు జిమ్మర్‌మను పేటెంటు పరిధిలోనిదని అందులో వ్రాసియుండిరి. ఒకచోట పాతదానిలో ఉన్నదని చెప్పి, మరియొకచోట కొత్తదని చెప్పుట కుదరదని న్యాయమూర్తులు ఆ నోటీసును కూడ లెక్కలోనికి తీసికొనిరి.

ఆ తీర్పు మంచిదా కాదా యని చర్చించువారు నేటికిని కలరు. కొత్త మందులు కనుగొనుటకు కోట్లు వెచ్చించు కంపెనీకి ప్రతిఫలము లేనిచో పరిశోధన ఎట్లు సాగునను ప్రశ్న త్రోసివేయదగినది కాదు. మేము ఆ వివాదమున తీర్పరులము కాము. మేము చెప్పునది ఇంతే: దరఖాస్తు వెలుగులోనికి వచ్చినందువలననే ఇరుపక్షముల వాదము విననైనది. పెట్టెలోనుండి నేరుగా పేటెంటు వెలువడియుండినచో, రోగుల సంఘము నోరు తెరచుటకు ముందే హక్కు స్థిరపడియుండెడిది.

నేడు అమలులో ఉన్న పద్ధతి ఇట్లున్నది. 2002లో చేసిన సవరణ 2003 మే నెల నుండి అమలులోనికి వచ్చి, మనకును పదునెనిమిది మాసముల నియమము ఏర్పడినది. దరఖాస్తు తేదీ నుండియో, విదేశములో ముందు దాఖలు చేసియుండినచో ఆ తేదీ నుండియో, ఏది ముందైన దాని నుండి ఆ గడువును లెక్కింతురు. అంతవరకు అది గోప్యము. గడువు ముగిసిన పిమ్మట పేటెంటు కార్యాలయము ప్రతి శుక్రవారము వెలువరించు పత్రికలో ప్రకటింతురు. పూర్తి వివరణ చదువుటకు దొరకును. తొందరగా ప్రకటింపుడని దరఖాస్తుదారు తానే కోరుకొనవచ్చును. ప్రకటన అయిన తరువాత ఆరు మాసములు గడువనిది పేటెంటు మంజూరు చేయరు. అభ్యంతరములు తెలుపువారికి ఆ మాత్రపు కాలము ఉండవలెనని దీని ఉద్దేశము. దేశరక్షణకు, అణుశక్తికి సంబంధించిన కల్పనలను మాత్రము ప్రభుత్వము గోప్యముగా ఉంచుమని ఆదేశింపవచ్చును. ఆ ఆదేశమును ఆరు మాసములకొకసారి పునఃపరిశీలింపవలెను.

వెలుగులోనికి తెచ్చుటవలన దరఖాస్తుదారునకు అన్యాయము జరుగకుండ శాసనము ఒక కట్టుబాటు చేసినది. పేటెంటు మంజూరైనచో, అతని హక్కు ప్రకటన తేదీ నుండియే ఉన్నట్లు లెక్క. మంజూరు కాకముందు దావా వేయరాదు గాని, మంజూరైన పిమ్మట ఆ నడుమకాలపు నష్టమును గూడ అడుగవచ్చును. తపాలా పెట్టెలోని దరఖాస్తులకు మాత్రము ఈ వెనుకటి హక్కు లేదు. 2005కు ముందే గణనీయముగా ధనము పెట్టి ఆ మందులను తయారుచేసి అమ్ముచున్నవారు, తగిన రాయల్టీ చెల్లించి పని కొనసాగించుకొనవచ్చునని శాసనము చెప్పినది. చీకటిలో ఉన్న పత్రమును ఉల్లంఘించితివని ఒకనిని శిక్షించుట న్యాయము కాదు గదా!

ఇది పెద్ద కంపెనీల గొడవ, మనకేల యని కొందరు అనుకొనవచ్చును. ఒక ఉదాహరణ చెప్పుదుము. తుక్కుగూడలో, శ్రీశైలము దారి ప్రక్కన చిన్న కార్ఖానా నడుపుకొనువాడొకడు, బోరుబావిలో నీరు తగ్గినప్పుడు మోటారు కాలిపోకుండ ఆపు సాధనమును ఒక కొత్త పద్ధతిలో చేసెననుకొందము. అతడు మొట్టమొదట చేయరాని పని దానిని సంతలోను, ప్రదర్శనలోను పెట్టి పదిమందికి వివరించుట. దరఖాస్తునకు ముందే లోకమునకు తెలిసినది సాధారణముగా కొత్తదనిపించుకొనదు. ఇంటిగుట్టు లంకకు చేటన్న సామెత ఇచ్చట అక్షరాల వర్తించును. ఇంకను పని పూర్తికాకున్నచో తాత్కాలిక వివరణ దాఖలు చేసి తేదీ సంపాదించుకొనవచ్చును. మన రెండు రాష్ట్రములవారి దరఖాస్తులు చెన్నై కార్యాలయపు పరిధిలోనివి. పన్నెండు మాసములలోపల పూర్తి వివరణ ఈయవలెను. ఈయనిచో దరఖాస్తు వదలుకొన్నట్లే, అది ప్రకటనకు రాదు. పూర్తి వివరణ ఇచ్చిన తరువాత మనసు మారినచో, పదునైదు మాసములలోపల వెనుకకు తీసికొన్నయెడల మర్మము అతని వద్దనే నిలచును. ఆ గడువు దాటినచో పత్రము లోకమునకు విడువబడునని గుర్తుంచుకొనవలెను.

ఇదే మనిషికి ఈ బహిరంగత వలన కలుగు లాభమును చెప్పవలెను. అదే సాధనముపై పూనాలోనో, జర్మనీలోనో మరియొకడు ఏమి చేయుచున్నాడో అతడు పేటెంటు కార్యాలయపు పత్రములలో చూచుకొనవచ్చును; చూచుటకు పైసా ఖర్చు లేదు. రావిర్యాలలోని ఎలెక్ట్రానిక్ పరిశ్రమకును, కొత్తూరులోని మందుల పరిశ్రమకును ఏ పుస్తకాలయమును ఈయజాలని తాజా విజ్ఞానము ఆ పత్రములలో ఉన్నది. కోనసముద్రపు కమ్మరికి అట్టి పత్రము లేదు. అతని తరువాతివారికిని లేదు.

అభ్యంతరము చెప్పు హక్కును గూర్చి ఒక్క మాట. దరఖాస్తులు ఆలస్యమగుటకు కొందరు ఈ హక్కును దుర్వినియోగము చేయుచున్నారను ఫిర్యాదుపై, 2024లో నియమములు మార్చిరి. అభ్యంతరము విచారణకు తగునా యని కంట్రోలరు ముందుగా చూచును. రుసుము కూడ విధించిరి. నిజముగా ఊరకే అడ్డుపడువారిని ఇది ఆపవచ్చును. కాని రోగుల సంఘము వంటి బీద వాది గుమ్మముకడనే ఆగిపోకుండ చూచుకొనవలసిన బాధ్యత అధికారులపై ఉన్నది. తెరచిన తలుపు ముందర గడపను మరీ ఎత్తుచేసిన, తలుపు తెరచిన ఫలమేమి?

మన ప్రాచీన వైద్య విజ్ఞానమును కాపాడుకొనుటకు 2001లో ఆరంభమైన సంప్రదాయ విజ్ఞాన గ్రంథాలయము ఈ బహిరంగతకు మంచి నిదర్శనము. సంస్కృతము, అరబ్బీ, పారశీకము, తమిళము మొదలగు భాషలలోని వైద్య గ్రంథముల విషయమును అయిదు అంతర్జాతీయ భాషలలోనికి మార్చి, పరదేశపు పేటెంటు పరీక్షకులకు అందించుచున్నారు. ఐరోపాలో దరఖాస్తు ప్రకటన కాగానే, ఇది మా దేశములో పూర్వమునుండి ఉన్నదేయని గ్రంథప్రమాణము పంపుదురు. పసుపు విషయములో మంజూరైన తరువాత చేసిన పనిని ఇప్పుడు మంజూరు కాకముందే చేయుటకు వీలు కలిగినది. దరఖాస్తు గోప్యముగా ఉండిపోయినచో ఈ శ్రమ అంతయు వృథాయే.

కావున మనము మొదట వేసికొన్న ప్రశ్నకు సమాధానము రెండు భాగములుగా ఉన్నది. మొదటి పదునెనిమిది మాసములు దరఖాస్తు గోప్యము. అది కల్పించినవాని హక్కు. అటుపిమ్మట అది బహిరంగము. అది ప్రజల హక్కు. ఈ రెంటి నడుమ గీత ఎచ్చట గీయవలెనో తేల్చుకొనుటకు లోకమునకు అయిదువందల యేండ్లు పట్టినది. మన దేశములో ఆ గీత నిలచి ఇంకను పాతికేండ్లు నిండలేదు. ప్రతి శుక్రవారము వెలువడు ఆ పత్రికను చదువు అలవాటు మన కళాశాలలలోను, పరిశ్రమలలోను, రోగుల సంఘములలోను పెరిగినప్పుడే ఆ హక్కు కాగితము మీది మాటగా మిగిలిపోక, ఇంటింటి మందుల సంచిలోనికి మేలై వచ్చును.